గాసన్న పోడు మ్యాపు

దెయ్యాల్ని నేను నమ్మను. ఎవడైనా ఆ కథలు మొదలుపెడితే ఎదురుగా కూర్చుని ప్రశ్నలతో చంపే రకం. కానీ ఇది నాకే జరిగింది, ఏం చెయ్యను?

రెండు వేల దశకం చివర్లో అరకులో ఓ చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. కొండల్లో పోడు భూములకు పట్టాలిస్తున్న రోజులవి. రైతు జీపీఎస్ పట్టుకుని తన పోడు చుట్టూ నడుస్తాడు. ఆ నడక ఒక ఫైలవుతుంది. వాటిని మ్యాపుగా గీయడానికి పైథాన్‌లో స్క్రిప్టు రాసుకున్నాను. స్క్రిప్టు పేరు, ఎన్ని ఫైళ్లో ఆ లెక్క, పక్కన వాటి పేర్లు టైపు చేస్తే చాలు.

ఒక ఊళ్లో అందరివీ అయిపోయి సుక్రి అనే ఆమె పోడు ఒక్కటే మిగిలిపోయింది. ఆమె భర్త గాసన్న ఆ వానాకాలమే మలేరియాతో పోయాడు. ఊరందరికీ భోజనాలతో పెద్దదినం పెట్టేదాకా ఆ ఇంటివాళ్లు పోడులో కాలు పెట్టరు, ఇంకొకరు ఆ గట్టు తొక్కరు. దినం పెట్టే స్తోమత ఆమెకు లేదు. మ్యాపు లేకపోతే పట్టా రాదు, భూమి అడవిలో కలిసిపోతుంది. ఎంతో బతిమాలాను. తల అడ్డంగా ఊపింది, అంతే.

ఆఫీసుకొచ్చి మిగతా ఫైళ్లతో స్క్రిప్టు నడిపితే ఎర్రర్. నేనిచ్చిన వాటికన్నా ఒక పేరు ఎక్కువ వచ్చిందట. లెక్క తప్పితే ఆగిపోయేలా నేనే రాశాను. ఫోల్డరు పేరులో ఖాళీ ఉంటే ఒక పేరు రెండుగా విడిపోతుంది, మామూలే. ఖాళీలు తీసేశాను, పేర్ల చుట్టూ కోట్స్ పెట్టాను. మళ్లీ అదే గోల. విసుగెత్తి, స్క్రిప్టుకు అందిన పేర్లన్నీ తెరమీద రాయించాను. చివర్లో నేను టైపు చెయ్యని పేరు ఉంది. గాసి. ఊళ్లో గాసన్నని అలాగే పిలిచేవారు.

ఆ లెక్క చూసే లైను తీసేసి నడిపితే మ్యాపు వచ్చింది. అందులో ఖాళీగా ఉండాల్సిన చోట సుక్రి పోడు ఉంది, వాగు దగ్గర వంపుతో సహా. జీపీఎస్‌లో, కంప్యూటర్లో ఎంత వెతికినా ఆ పేరుతో ఫైలే లేదు.

ఊరి పెద్దలకు చూపిస్తే గట్టుతో సహా సరిపోయిందన్నారు. సుక్రి ఆ గీతమీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఆశపడి దరఖాస్తుకు జతచేశాం.

విచారణలో అధికారులు అడిగింది ఒక్కటే, ఈ గట్టు నడిచిందెవరని. సుక్రి మొగుడి పేరు చెప్పింది. పోయిన మనిషి నడిచాడని ఎలా రాసుకుంటామని తిరగ్గొట్టారు. కొన్నాళ్లకే అటవీ శాఖవాళ్లు ఆ పోడు చుట్టూ కందకం తవ్వేశారు.

కందకం ఒడ్డున సుక్రి నన్ను అడిగింది.

"మా ఇంటోడు నడిసినాడు గదా బాబూ. మరింకేటి తక్కువైంది?"

నాకు ఏడుపొచ్చింది. ఆ మ్యాపు ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు. ఆమెకేం చెప్పాలో అదీ తెలీదు.