బాగున్న కాలు

ఒక లావుపాటి పెద్దమనిషికి ఛాతీ కొలత తీస్తూ, టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్న టైలరు ఒక అడుగు ఎక్కువేశాడు. అక్కడితో దుకాణం అయిపోయింది. మెట్ల మీంచి కింద పడ్డాక కూడా ముందు "నలభై ఎనిమిది" అని చెప్పి, ఆ తర్వాతే "అమ్మా" అన్నాడు. ఎడమ తొడ ఎముక విరిగింది.

వీధంతా కత్తెర బాబాయి అని పిలిచే ఆ మనిషికి ఒకటే ధైర్యం. మిషను తొక్కేది కుడికాలు. "ఇదొక్కటి బాగుంటే చాలు, తొక్కుకు బతికేస్తా" అని చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పాడు.

కదలకుండా పడుకుంటే రక్తం గడ్డకడుతుందని, తొడలో రాడ్డేసి ఇంటికి పంపేటప్పుడు పొట్టకి పొడిచే ఇంజెక్షన్లు ఇచ్చారు. పొడిచేది భార్యే, అంటే పిన్ని. పొడిచిన చోటల్లా కమిలిపోయేది. అది మామూలేనని నర్సమ్మ ముందే చెప్పింది. బాబాయి ఊరుకుంటాడా? మంచం మీదే కూర్చుని బడిపిల్లల నీలం యూనిఫాంలకి గుండీలు కుట్టాడు. ఆ గుడ్డ రంగు పోయే రకం. ఎనిమిదో రోజున కుడికాలి వేళ్లు నీలంగా కనిపిస్తే మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకటే తోచింది.

"ఎన్నిసార్లు చెప్పానండీ, ఆ గుడ్డల మీద కాళ్లు పెట్టొద్దని?"

"నీ సణుగుడు ఆపి సబ్బు తేవే."

సబ్బుకి పోలేదు, కిరసనాయిలుకీ పోలేదు. పిన్ని రెండు రోజులు రుద్దింది. "చల్లగా ఉన్నాయేంటండీ?" అంటే, "గంటసేపు నీళ్లల్లో నానబెడితే వేడిగా ఉంటాయా?" అన్నాడు. రుద్దాక చేతులు కడుక్కుని, టైము తప్పకుండా ఇంజెక్షను పొడిచేది. మూడో రోజుకి వేళ్లు నల్లబడ్డాయి.

ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు అక్కడికక్కడే ఆ ఇంజెక్షన్లు మాన్పించాడు. గడ్డలు కట్టకుండా ఇచ్చే మందే ఎక్కడో ఒకరికి ఎదురుతిరిగి, రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుందట. "మధ్యలో రక్తపరీక్ష చేయిస్తే తెలిసేది" అన్నాడు కాగితాలు తిరగేస్తూ. చేయించమని ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. రంగు మారగానే రాలేదేమని మాత్రం గట్టిగా కోప్పడ్డాడు. పిన్ని తన చేతుల వంక చూసుకుంది.

కుడిపాదం ముందు సగం తీసేశారు. ఎడమ తొడ ముద్దొచ్చేలా అతుక్కుంది. ఇప్పుడు బాబాయి ఎడమకాలితో తొక్కుతాడు. మిషనుదొక దారి, కాలిదొక దారి. గిరాకీ సగం పక్కవీధికి పోయింది.

మొన్న బడి టీచరమ్మ చొక్కా తెచ్చి బల్ల మీద పడేసింది. "వదులుగా ఉన్న ఎడమచెయ్యి సరిచెయ్యమంటే, శుభ్రంగా ఉన్న కుడిచేతిని కత్తిరించావేంటయ్యా?"

బాబాయి చొక్కా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నన్నూ ఇలాగే బాగుచేశారు టీచరమ్మా."