టిఫిన్‌లో మిగిలిన ముద్ద

మా వాడికి ఏడాదిన్నర వయసులో నెలకోసారి విరేచనాలు పట్టుకునేవి. ప్రతిసారీ తప్పు నాదే. "నీళ్లు మంచిగ కాగబెడుతున్నవా?" అని బొగ్గుగనిలో పనిచేసే మా ఆయన డ్యూటీ బట్టలైనా విప్పకుండా విచారణ మొదలుపెట్టేవాడు. నేను తిన్న వంకాయ కూరే పాలల్లోకి దిగి పిల్లాడి కడుపు చెడగొట్టిందని మా అత్తమ్మ తీర్పు.

దవాఖానలో చెప్పినట్టే అన్నీ చేశాను. ఓఆర్‌ఎస్ చెంచాతో కొంచెం కొంచెం పట్టాను. అన్నం మానిపించలేదు. సబ్బుతో కడిగి కడిగి నా చేతులే పగిలాయి. వాడు తేరుకునేవాడు. మళ్లీ మా ఆయనకు మొదటి షిఫ్టు, అంటే పొద్దుటి డ్యూటీ, వచ్చిన వారం కడుపు పట్టుకుని ఏడ్చేవాడు.

ఒకరోజు సాయంత్రం బండి చప్పుడు వినగానే వాడు బయటికి పరుగెత్తాడు. వెనకే వెళ్లాను. మా ఆయన మెట్ల మీద కూర్చుని, పొద్దున నేను కట్టిచ్చిన టిఫిన్‌లో మిగిలిన పప్పన్నం వాడి నోట్లో పెడుతున్నాడు. గని వేడిలో ఎనిమిది గంటలు మగ్గిన ముద్ద. పెట్టే చేతి గోళ్లనిండా బొగ్గు.

"ఏంది ఇది?" అన్నాను.

"నాయిన టిఫిన్ల మిగిలింది తింటే పిల్లలకు బలం. నేను గట్లనే పెరిగిన," అన్నాడు.

అత్తమ్మ గడప దగ్గరికి వచ్చి ముద్దను చూసింది, కొడుకును చూసింది.

"పెరిగిండు బిడ్డా," అంది నాతో. "చిన్నగున్నప్పుడు వీనికి గూడ నెలకోసారి గిట్లనే అయితుండె. మా అత్త నేను తిన్న వంకాయ కూరను తిడుతుండె."