మామగారు కుర్చీలోంచి లేచిన వైనం

మా ఆయన సినిమా డైరెక్టరని చెబితే జనం ముందు నా మొహం వైపు, తర్వాత మా ఇంటి గోడల పెచ్చుల వైపు చూస్తారు. బొమ్మల సినిమాలని చెప్పగానే "ఓహో, పిల్లలకా!" అని ఊపిరి పీల్చుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సినిమాలో ఒక పిల్లి ఆవలించాలంటే ముందు మా ఆయన అద్దం ముందు నిలబడి నలభైసార్లు ఆవలించాలి. ఆయన్ని చూసి నేను, నన్ను చూసి మామగారు ఆవలిస్తాం. ఇక ఆ పూటకి ఇంట్లో ఏ పనీ జరగదు.

పదకొండేళ్ళు ఆయన ఒక ప్రకటనల స్టూడియోలో పళ్ళు గీశారు. పేస్టు తగలగానే గంతులు వేసే పళ్ళు. మొదట్లో ఒక పంటికి కాళ్ళు మాత్రం గియ్యమన్నారు. తర్వాత ప్రమోషనిచ్చి పన్ను మొత్తం అప్పగించారు. చివరికి ముప్ఫై రెండింటికీ డైరెక్టరుని చేశారు. ఆయనది పళ్ళ పని అన్న ముక్క పై వాటా ఆవిడకి ఎలా చేరిందో గానీ, డాక్టరనుకుని ఒక ఆదివారం బుగ్గ వాచిపోయి వచ్చి మా ఆయన ముందు నోరు తెరుచుకుని కూర్చుంది. ఈయనేం తక్కువ తిన్నారా? వంగి చూసి, "ఈ దవడ పన్ను భలే ఉందండీ, ఒక్క నిమిషం కదలకండి" అని పెన్సిలు తీశారు. ఆవిడ ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

చివరికి స్టూడియో ఓనరు కరుణించి, సొంతంగా ఒక ఎనిమిది నిమిషాల సినిమా తీసుకోనిచ్చాడు. కథ ఇంతే. ఒక ముసలాయన ఒంటరిగా కూర్చుని ఉంటాడు, ఎవరో తలుపు తడతారు, ఆయన లేచి వెళ్ళి తీస్తాడు. మూడేళ్ళు పట్టింది. అన్నీ కుదిరాయి గానీ ఆ లేవడం ఒక్కటే కుదరలేదు. ఓనరు చూసి, "ముసలాడు లేస్తున్నట్టు లేదయ్యా, లిఫ్టు పైకొస్తున్నట్టుంది. నెలాఖరుకి సరిచెయ్యి. లేదంటే దీన్ని అటకెక్కించేసి మళ్ళీ పళ్ళ దగ్గరికి రా" అన్నాడట. ఆ రోజు మా ఆయన కంచం ముందు కూర్చుని ఒక్క ముద్ద తినకుండా లేచిపోయారు. మళ్ళీ పళ్ళు గీస్తే ఈ మనిషి నాకు దక్కరనిపించింది.

లేవడం ఎలాగో చూపించడానికి ఇంట్లోనే మా మామగారున్నారు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆ సంగతి డాక్టరుకి తెలుసు, నాకు తెలుసు, ఆ మోకాలికీ తెలుసు. ఆయన మాత్రం చచ్చినా ఒప్పుకోరు. కొడుకు ఉద్యోగం మీద కూడా ఆయనది అంతే గట్టి అభిప్రాయం: "కూర్చుని బొమ్మలు గీసుకునేవాడికి అలుపేంటి?"

"నాన్నా, ఒక్కసారి కుర్చీలోంచి లేస్తావా?" అని అడిగారు మా ఆయన.

"ఎందుకూ?"

"ఊరికే. చూద్దామని."

మామగారు కొడుకుని ఎగాదిగా చూశారు. తర్వాత పెద్దాఫీసరు ఎదుటపడ్డట్టు చటుక్కున లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది గానీ కిక్కురుమనలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. "ఏరా, ఇవాళ లేవక్కర్లేదా?" అన్నారు.

ఇలా లాభం లేదని మా ఆయన ఫోను పట్టుకుని ఫ్రిజ్ వెనక నక్కారు. నేను బయటికి వెళ్ళి బెల్ కొట్టాలి. సిగ్గు విడిచి నా ఇంటి బెల్ నేనే కొట్టాను. లోపలి నుంచి మామగారి గొంతు వినిపించింది: "ఒరేయ్, ఫ్రిజ్ వెనకాల ఖాళీగానే ఉన్నావుగా, వెళ్ళి తలుపు తియ్!"

నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఇక తనే ముసలాయన అవుదామనుకున్నారు మా ఆయన. ఎడమ మోకాలికి రెండు స్కేళ్ళు పెట్టి తువ్వాలు బిగించి కట్టుకుని, మామగారికి ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని లేవడం, కూర్చోవడం మొదలుపెట్టారు. మామగారు పేపరు చదువుకుంటూ మధ్యమధ్యలో "ఏం పనిరా ఇది" అంటున్నారు. ముప్ఫై ఏడోసారి మా ఆయనకి నడుం పట్టేసింది. "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచి నేల మీద పడ్డారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాను. మామగారు లేస్తున్నారు.

ముందు ఎడమ కాలు చాపారు. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి బలం పెట్టారు, లేవలేక కూలబడ్డారు. రెండోసారి సగం దాకా లేచి ఆగారు. ఆగి, ఎవరైనా చూశారేమోనని గదంతా ఒక దొంగచూపు చూశారు. నేను చప్పున గుమ్మం చాటుకి తప్పుకున్నాను. అప్పుడు మిగతా సగం లేచి, గోడ పట్టుకుంటూ కొడుకు దగ్గరికి వెళ్ళి, "కూర్చుని చేసే పనికి నడుమెలా పట్టేసిందిరా, వెధవా" అన్నారు.

మా ఆయన నేల మీద నుంచి అంతా చూశారు. మంచం మీదికి చేర్చాక మూలుగుతూనే నాతో అన్నారు: "సగంలో ఆగి చుట్టూ చూశాడు, చూశావా? ఇన్నాళ్ళూ నేను నొప్పి గీశాను గానీ నామోషీ గియ్యలేదే!" ఆ పడక మీదే గీశారు. ఏడు సెకన్లు, నూట అరవై ఎనిమిది బొమ్మలు. ఓనరు చూసి తన మోకాలు తడుముకుని, సినిమా వెయ్యడానికి హాలు మాట్లాడమన్నాడట.

మామగారికి మేం ఏమీ చెప్పలేదు. సినిమా వేసిన రోజు హాల్లో ఆయన్ని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నాం. దాచుకున్న సంగతి నలుగురిలో పెట్టాడని తెలిస్తే ఆయన కొడుకు మొహం చూస్తారా? తెర మీద ముసలాయన కూలబడ్డాడు. హాల్లో కొందరు నవ్వారు. సగం లేచి చుట్టూ చూశాడు. నవ్వులు ఆగిపోయాయి. మామగారు ముందు సీటు గట్టిగా పట్టుకున్నారు. మా ఆయన తెర వైపు చూడటమే లేదు, వాళ్ళ నాన్న వైపే చూస్తున్నారు.

లైట్లు వెలిగాయి. అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. మేం ముగ్గురం కూర్చునే ఉన్నాం.

"నాకు అంతసేపు పట్టదురా" అన్నారు మామగారు.

"పట్టదులే నాన్నా" అన్నారు మా ఆయన నేల చూపులు చూస్తూ.

మామగారు లేవబోయారు. కాలు చాపారు, బలం పెట్టారు, కూలబడ్డారు. మళ్ళీ సగం లేచి ఆగారు. మా చుట్టూ రెండొందల మంది ఉన్నారు. ఆయన వాళ్ళలో ఎవరి వైపూ చూడలేదు. కొడుకు వైపు చెయ్యి చాపి, "చూసింది చాల్లేరా, పట్టుకో" అన్నారు.