ఇంజను బిగించింది నేను

ఆ లారీ ఇంజను విప్పింది నేను, బిగించింది నేను. స్టార్టు చేసిన పేరు మాత్రం డ్రైవరుకు పోయింది. చీపురుపల్లిలో నా ఈడువాళ్లెవరినైనా అడగండి, పుస్తకం మేస్త్రి రోజంతా కిందామీదా పడ్డాడనీ, డ్రైవరు చెయ్యి పడగానే బండి లేచిందనీ చెబుతారు. ఇది అన్యాయం. నలభై ఏళ్లుగా మోస్తున్నాను. ఇక ఓపిక లేదు, దించేస్తున్నాను.

ఆ రోజుల్లో మెకానిక్ అంటే చెవితో పని నేర్చుకున్నవాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. నేను అలా కాదు. నా బడి ఏడో తరగతితోనే ఆగిపోయినా, పాత సామాన్ల కొట్టులో దొరికిన ఇంగ్లీషు ఇంజను పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని రెండేళ్లు చదివాను. (సగం అర్థం కాలేదు. నా గర్వమంతా ఆ సగం వల్లనే.) షెడ్డులో వాళ్లు నన్ను పుస్తకం మేస్త్రి అంటుంటే బిరుదనుకున్నాను. ఇరవై ఆరో ఏట మొదటిసారి ఒక లారీ ఇంజను మొత్తం నా చేతికొచ్చింది. లారీ ఓనరు బాప్టిస్టు సంఘంలో పెద్ద, మాట తక్కువ మనిషి. ఆదివారం సాయంత్రానికి బండి కదలకపోతే విజయనగరం నుంచి వేరే మేస్త్రిని పిలిపిస్తానని మెల్లగానే అన్నాడు. అదే జరిగితే షెడ్డులో నా చోటు ఎక్కడో నాకు తెలుసు: మళ్లీ కిరసనాయిలు పళ్లెం ముందు, సామాన్లు కడుగుతూ.

శనివారం పొద్దుగూకేసరికి ఆఖరి నట్టు బిగించి ఇంటికి పోయాను. ఆదివారం పొద్దున్నే వచ్చి సెల్ఫు కొట్టాను. ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. ఆ లారీ డ్రైవరు నాకు వరసకు బావ. అప్పుడే టీ తాగి వచ్చి, “ఒకపాలి నన్నెక్కి సూడనీ బావా” అన్నాడు. అంత పుస్తకం చదివి డ్రైవరుతో చెప్పించుకుంటానా? “ఇది సదువుకున్నోల పని. నువ్వలా బల్ల మీద కూకో” అన్నాను. అతను నొచ్చుకోలేదు. వెళ్లి కూర్చున్నాడు.

ఇక నా పాట్లు. డీజిలు గొట్టాల్లో గాలి తీశాను. పంపు దాకా డీజిలు నికరంగా వస్తోంది. పంపు దాటి ఇంజనులోకి పోయే గొట్టాలు విప్పితే చుక్క లేదు. దానికి పుస్తకంలో చాలా కారణాలున్నాయి. నేను అన్నిటికన్నా కష్టమైనదానితో మొదలుపెట్టాను. టైమింగు సరిచూశాను, మళ్లీ సరిచూశాను. మధ్యాహ్నానికి బ్యాటరీ మూలిగి ఊరుకుంది. ప్రార్థన ముగించుకుని వస్తున్న సంఘంవాళ్లను ఓనరు పిలిచాడు. పాపం, తెల్లబట్టలతోనే లారీని స్టేషను రోడ్డు పొడుగునా తోశారు. స్టీరింగు ముందు నేను. బండి ఒక్క తుమ్మయినా తుమ్మలేదు. పాస్టరుగారు బానెట్టు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు (ఆయన చెయ్యి నల్లబడింది, అంతే). మా బావ బల్ల మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అన్నీ చూస్తున్నాడు.

సాయంత్రం ఓనరు ట్రాక్టరు తెప్పించాడు. మోకు కట్టి లాగుతుంటే వెనక లారీని అదుపులో పెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. డ్రైవరును పిలవక తప్పలేదు. అతను నింపాదిగా లేచి, లారీ అవతలి పక్కకు వెళ్లి, టైరు చూస్తున్నవాడిలా ఒకసారి వంగి, అప్పుడు ఎక్కాడు. రైల్వే గేటు రాకముందే ఇంజను అందుకుంది. జనం ఈలలు వేశారు. ఓనరు అతని భుజం తట్టాడు. అది నా భుజానికి రావలసిన చెయ్యి.

ఆయిలు కారుతోందేమోనని కిందికి వంగి చూసినప్పుడు కనబడింది, పంపు వెనక వేలాడుతున్న జిడ్డు తాడు. అక్కడ ఇంజను ఆపే మీట ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే ఇంజనుకు డీజిలు పోదు. లారీని పరాయిచోట వదిలితే ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ మీటను లాగి తాడుతో కట్టేయడం మా బావ అలవాటు. శనివారం నేను వెళ్లిపోయాక కట్టేశాడు. అందరినీ పిలిచి చూపించాలని నోటిదాకా వచ్చింది. కాని డీజిలు రానప్పుడు ముందు చూడవలసింది ఆ మీటనే. నా పుస్తకంలో మొదటి కారణం అదే. మరీ తేలిగ్గా ఉందని వదిలేశాను. తాడు సంగతి బయటపెడితే నా సంగతీ బయటపడుతుంది. నోరు మూసుకున్నాను.

మొన్న విజయనగరంలో కంటి ఆసుపత్రి వరండాలో ఇద్దరం ఒకే బల్ల మీద కలిశాం, చెరో కంటికి కట్టుతో. పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. ఉన్నా ఇప్పుడు ఆ అక్షరాలు నాకు ఆనవు. దాన్ని చంకలో పెట్టుకు తిరిగిన ఆ ఇరవై ఆరేళ్లవాడు గుర్తొస్తే కోపం రాదు, నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. అయినా అడగకుండా ఉండలేకపోయాను. “ఆ తాడు పొద్దున్నే ఇప్పీస్తే నీ సొమ్మేటి పోను బావా? రోజల్లా అలగెందుకు కూకున్నావు?”

అతను కట్టులేని కన్ను నా వైపు తిప్పి, తాపీగా అన్నాడు:

“నువ్వే కూకోమన్నావు గదా బావా.”