గ్రూప్స్ పుస్తకంలో ఎగిరే వీరుడు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా చిట్యాలలో ఆడపిల్ల చేతిలో లావుపాటి పుస్తకం కనబడిందంటే అది గ్రూప్స్ పుస్తకమే అయ్యుండాలి. లావు పుస్తకాల్లో ఇంకో రకం ఉంటుందన్న అనుమానమే ఎవరికీ రాదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్తూ, మిగిలిన సమయంలో సర్కారు నౌకరికి చదువుతున్నాను (అని ఇంట్లోవాళ్ల నమ్మకం, సగం నిజమే). మిగతా సగం సంగతి ఏమిటంటే, కాలేజీ లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకం దొరికినప్పటి నుంచి నాకు గాల్లో ఎగిరే వీరుల పిచ్చి పట్టుకుంది. దాని చివరి పేజీలు చిరిగిపోయాయి. కూలిపోతున్న వంతెన కింద వీరుడు భుజం పెట్టి నిలబడ్డాడు. తర్వాత ఏమైందో తెలియక మూడేళ్లు కొట్టుకున్నాను. ఆ వీరుడి పాత కథలన్నీ కలిపి ఒకే సంపుటిగా వేశారని తెలియగానే, మొదటి జీతంతో ఫోన్లో ఆర్డరు పెట్టేశాను.

పార్శిల్ వచ్చేసరికి నేను బడిలో ఉన్నాను. హైవే పక్కన పంక్చర్ల దుకాణంలో ఉన్న మా బాపు దాన్ని అందుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, ఆ డబ్బా దేవుడి పటం ముందు పసుపు కుంకుమలతో కూర్చుని ఉంది.

"విప్పలే బిడ్డా. నీ చేత్తోనే విప్పాలె. గింత బరువుందంటే గ్రూప్స్ మొత్తం గిండ్లనే ఉన్నట్టుంది" అన్నాడు బాపు.

నిజం చెప్పాల్సింది అప్పుడే. కానీ ఆయన మొహంలో వెలుగు చూసి నోరు రాలేదు. "అవు బాపు" అనేశాను. పుస్తకానికి పేపరు అట్ట వేసి, పది రోజులు రాణీలా బతికాను. నేను చదువుతుంటే అవ్వ (మా అమ్మను అట్లాగే పిలుస్తాం) టీవీ గొంతు తగ్గించేది, అడగకముందే చాయ్ తెచ్చేది. వంతెన కూలిందా లేదా అని నేను గుటకలు మింగుతుంటే, "పాపం, ఎంత కష్టపడ్తాందో" అని నిట్టూర్చేది. (కూలలేదు. చివరి మనిషి దాటేదాకా మోశాడు. నేను ఏడ్చాను. అవ్వ నాకు దిష్టి తీసింది.)

పదకొండో రోజు ఆదివారం. బాపు మా వాడలో రిటైరైన లెక్కల సారును వెంటబెట్టుకొచ్చాడు. "సారూ, మా బిడ్డ ఎంత దాంక వచ్చిందో జర చూడుండ్రి" అంటూ నేను లేచేలోపే పుస్తకం ఆయన చేతిలో పెట్టాడు. సారు తెరిచారు. రెండు పేజీల నిండా, చేతులు చాపి, వీరుడు. సారు కళ్లద్దాలు సర్దుకున్నారు. అవ్వ వంగి చూసింది.

"గీయనేందే, లాగు మీద చెడ్డి తొడుక్కున్నడు? తొందరల ఉన్నడా?"

సారు పుస్తకం మూసి, "చరిత్రనే... జర వేరే దేశం చరిత్ర" అన్నారు నన్ను కాపాడాలని. బాపుకు ఇంగ్లీషు రాదు గానీ కళ్లున్నాయి కదా. సారును గేటు దాకా సాగనంపి వచ్చాడు.

"కొన్నందుకు కాదు బిడ్డా. పది దినాల సంది బజారంత చెప్పుకుంట తిరిగిన. నాతోని ఒక్క మాట నిజం చెప్పకపోతివి."

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ మాత్రం పుస్తకం వదల్లేదు. "ఏడ్సుడు తర్వాత గని, గీ పిలగాడు ఎవలు? ఏం పని జేస్తడు?" అంది.

ముక్కు తుడుచుకుంటూ చెప్పాను: పగలు ఆఫీసులో గుమాస్తా అనీ, ఎవరికైనా ఆపద వస్తే బట్టలు మార్చుకుని ఎగిరిపోతాడనీ, ఆ సంగతి ఎవరికీ తెలియదనీ.

అటు తిరిగి కూర్చున్న బాపు తల తిప్పాడు. "ఇంట్ల గూడ తెల్వదా?"

"తెల్వదు బాపు."

"ఎందుకు చెప్పడు?"

"ఏమనుకుంటరో అని... భయం."

బాపు ఇటు తిరిగి కూర్చున్నాడు. "చెప్తే ఇంకింత నిమ్మలంగ ఎగురుతుండె గద" అన్నాడు.

ఆ రోజే ఒప్పందం కుదిరింది. ఆరు రోజులు గ్రూప్స్, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ మన మాటల్లో నేను చెప్పే ఈ కథలు. అవ్వ దుర్మార్గులను పేరుపేరునా తిట్టేది. పంక్చర్లు వేసే చేతులతో బాపు మెల్లగా పేజీలు తిప్పేవాడు. మొదటి పరీక్ష పోయింది, రెండోదీ పోయింది. "గా పుస్తకాల వల్లనే" అని ఎవరో అంటే, "మా బిడ్డ రెండు తీర్ల చదువుతది, ఏదో ఒకటి తగుల్తది" అన్నాడట బాపు. మూడోసారి తగిలింది. గ్రూప్-ఫోర్, మహబూబ్‌నగర్‌లో పోస్టింగు.

మొన్న తర్వాతి సంపుటి నేరుగా ఆఫీసుకే తెప్పించుకున్నాను. మా అటెండరన్న బల్ల మీద పెడుతూ, "పిల్లలకా మేడం?" అన్నాడు.

"కాదన్నా, నాకే."

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ ఇరవై రెండేళ్ల పిల్లయితే 'కొత్త జీవోల పుస్తకం' అని చెప్పి సొరుగులో దాచేసేది. పాపం, ఎంత భయమో దానికి!