రెండూ ఒకటే అన్నాను

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. ఐదారు మాటలు. ఆడటానికి నిమిషం కూడా పట్టలేదు. ఎవరికైనా చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరికని చెప్పను? నాకు అంత దగ్గరి మనిషి ఒక్కతే ఉండేది. ఆ అబద్ధం ఆమెతోనే ఆడాను. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. మధ్యలో ఆపి ఓదార్చకుండా వింటే చాలు. ఓదారిస్తే నాకు కోపం వస్తుంది.

మనుబోలు దాటాక హైవే పక్కన రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి. పేరు అనవసరం. అందులో నేను క్వాలిటీ చూస్తాను. ఆడవాళ్లు వరసగా నిలబడి ఐసు నీళ్లలో రొయ్యలు ఒలుస్తుంటారు. ఒలిచిన ట్రే నా బల్ల మీదికి వస్తుంది. ఒక్క పెంకు ముక్క కనబడినా ట్రే వెనక్కి. వెనక్కి పంపితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి, వాళ్లకు వచ్చే కూలి ఒలిచిన బరువును బట్టే. మరి నన్నెవరు ఇష్టపడతారు? నేను అటు వెళ్తే మాటలు ఆగిపోయేవి. మధ్యాహ్నం అన్నాల గదిలో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఆరేళ్లు గోడ వైపు తిరిగి తిన్నాను. ఇంటికి పోతే అద్దె వాటాలో నేనూ, అమ్మ ఫోటో. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే అదొక పెద్ద కథ, దానికీ దీనికీ సంబంధం లేదు. ఆదివారం చర్చిలో మాత్రం నలుగురు పలకరించేవాళ్లు, అది కూడా గేటు దాకే.

ఒంటరితనం అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

నాగూరమ్మ ఒలిచే వరసలో మనిషి. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె వాళ్లది, భర్త పడవ మీద వెళ్తాడు. అప్పటికి ఆమెకు ముప్పై లోపే. ఐసుకీ క్లోరిన్ నీళ్లకీ అందరి చేతులూ పగులుతాయి, ఆమెవి మరీ ఘోరంగా పగిలేవి. ఒకరోజు ఏదో క్రీము డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. పూసే కొద్దీ దురద ఎక్కువవుతోందట, ఇంగ్లీషు చదవడం వచ్చుగదా చూడమంది. చదివాను. పేర్ల మధ్యలో సెంటు వాసన కోసం కలిపేది కనబడింది. వాసన లేనిది తెచ్చుకోమన్నాను. వారంలో చేతులు మెత్తబడ్డాయి. నేను చేసిందల్లా అంతే. కానీ మర్నాడు ఆమె తన క్యారేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, నా ఎదురుగా కూర్చుని, మెత్తళ్ల ఇగురు నా పళ్లెంలో వేసింది. మేడమ్ పోయి అక్కనయ్యాను.

ఆ తర్వాత అందరూ రావడం మొదలుపెట్టారు. సబ్బులు, పౌడర్లు, మొహానికి పూసేవి, పిల్లల నూనెలు. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి ఏది మంచిదక్కా అనేవాళ్లు. నాకు తెలిసింది ఒక్కటే. వెనకాల రాసే పేర్లకు ఒక వరస ఉంటుంది. ఎక్కువ కలిపింది ముందు, తక్కువ కలిపింది చివర. నేను చదివింది జువాలజీ, చర్మం గురించి నాకేం తెలుసు? అయినా మొదటి ఐదు పేర్లూ కలిస్తే రెండూ ఒకటే అని తేల్చేసేదాన్ని. సోకైన డబ్బాకే మీరు డబ్బులు పోస్తున్నారు అని కసిరేదాన్ని కూడా. చాలాసార్లు అది నిజమే అయింది. నిజమైంది కాబట్టే నాకు పొగరెక్కింది.

చివర్లో ఉన్నవో? అవి చిటికెడే, వాటి సంగతి వదిలేయండి అనేదాన్ని.

ఈ మాట అన్న మనిషి ఉద్యోగం ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. చెరువులో ఎప్పుడో వాడిన మందు రొయ్యలో కంటికి కనబడనంత మిగిలినా సరుకంతా ఆపేయాలి. అలా ఆపించినదాన్ని నేను. రైతులు వచ్చి ఇంత పిసరుకు ఏమవుద్ది మేడమ్ అని బతిమాలితే, పిసరైనా మందు మందే అని మొహం మీద చెప్పినదాన్ని. ల్యాబులో ఆ మాట, అన్నాల గదిలో ఈ మాట. రెండు గదుల మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. ఎలా అనగలిగాను? ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రొయ్యలు పరాయి దేశం పోతాయి, ఆడవాళ్ల మొహాలు ఇక్కడే ఉంటాయి అనుకున్నానా? అంత నీచంగా అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు. అదే నా నేరం.

నాగూరమ్మకు రెండో కాన్పు తర్వాత మంగు వచ్చింది. రెండు చెంపల మీదా నల్లగా పరుచుకుంది. నవ్వులాటగానే మాట్లాడేది కానీ లోపల బాధపడేది. పనిలో మూతికి గుడ్డ కట్టుకుంటాం కదా, బయటికి వచ్చాక కూడా దాన్ని తీసేది కాదు. నెల్లూరులో చర్మం డాక్టరు రాసిన క్రీము పూస్తోంది. అది మెల్లగా పనిచేస్తోంది, ఖరీదు ఎక్కువ. ఒకరోజు మధ్యాహ్నం ఆ క్రీముతో పాటు ఇంకో ట్యూబు తెచ్చింది. గూడూరులో ఒక ఫాన్సీ షాపులో ఇదీ అదీ ఒకటే అన్నారట. నన్ను అడగకుండా కొనడం ఇష్టం లేక, చూపించి తిరిగి ఇస్తానని చెప్పి తెచ్చింది. కొనలేదు, చూడండి. చూపించడానికి తెచ్చింది.

బల్ల చుట్టూ ఏడుగురు ఉన్నారు. నేను రెండూ చేతిలో పట్టుకుని మొదటి ఐదు పేర్లు చదివాను. కలిశాయి. రెండూ ఒకటే అన్నాను. అనేశాక ట్యూబును కాస్త వెలుతురు వైపు తిప్పాను. ఆఖరి వరస ట్యూబు అడుగున మడతపెట్టి నొక్కిన చోట ఇరుక్కుపోయి ఉంది. సగం మాట కనబడింది. ఆ సగం మాట క్రీముల్లో ఉండే పేరులా లేదు, మందు పేరులా ఉంది. నాకు అనిపించింది. అనిపించలేదని మీతో కూడా అబద్ధమాడను. ఆగు నాగూ, ఇది నాకు తెలియదు, డాక్టరును అడుగు అనాలి. నోటి దాకా వచ్చింది. కానీ ఒకటే అని అప్పటికే అనేశాను. ఏడుగురూ నా మొహమే చూస్తున్నారు. అక్కకు కూడా తెలియనివి ఉంటాయని ఒక్కసారి తెలిస్తే మళ్లీ వస్తారా? నా బల్ల చుట్టూ కూర్చుంటారా? గోడ గుర్తుకొచ్చింది నాకు. ఇంతలో అన్నాల గంట అయిపోయింది. ట్యూబు ఆమె చేతిలో పెట్టేశాను.

రెండు నెలల్లో నాగూరమ్మ మొహం పాలలా తేలింది. మూతి గుడ్డ తీసి నవ్వుకుంటూ తిరిగేది. అందరికీ అక్క చూసి చెప్పిందని చెప్పేది. నేను వద్దనలేదు. ఆ రెండు నెలలు నా జీవితంలో సంతోషంగా ఉన్న రోజుల్లో లెక్క. సిగ్గుగా ఉంది కానీ అది నిజం. ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల ఊరికి తీసుకెళ్లింది. ఒడ్డున కూర్చుని ఇద్దరం ఎండు చేపలు ఏరాం. వాళ్ల ఆరేళ్ల పెద్దపాప నా ఒళ్లోనే నిద్రపోయింది.

తర్వాత ఎండలోకి వస్తే మొహం మండుతోందంది. ఎర్రబడింది. తోలు పల్చబడి లోపలి నరాలు కనబడసాగాయి. గడ్డం కింద వెంట్రుకలు వచ్చాయి, చెంపల నిండా పొక్కులు. పూయడం ఆపితే రెట్టింపయ్యేది, మళ్లీ పూసేది. నేను చూస్తూనే ఉన్నాను. రోజూ ఎదురుగా కూర్చుని తింటూ చూస్తూనే ఉన్నాను. ఎండ పడలేదేమో అన్నాను. నీళ్లు మారాయేమో అన్నాను. ఎన్ని అన్నానో. డాక్టరు దగ్గరికి పొమ్మని మాత్రం అనలేదు, పోతే ఏం చెబుతారో నాకు తెలుసు కాబట్టి.

ఆమే పోయింది. మర్నాడు పొద్దున మేం బట్టలు మార్చుకునే గదిలోకి ట్యూబు పట్టుకుని వచ్చింది. అందరూ ఉన్నారు. కోపంగా రాలేదు. అయోమయంగా వచ్చింది.

“అక్కా, దీంట్లో స్టెరాయిడ్ ఉందంట. డాక్టరమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో. నువ్వు చూసినావు గదా ఇది?”

“ఇది కాదే నువ్వు చూపించింది,” అన్నాను.

“ఇది కాదా?”

“నాకు చూపించింది వేరేది. ఇది నేనెప్పుడూ చూడలా.”

ఆమె ట్యూబును తిప్పి తిప్పి చూసుకుంది. ఎవరో వెనక నుంచి, “చూపించకుండా యాడ పడితే ఆడ కొనుక్కొచ్చి అక్కను అంటావేందే,” అని కసిరారు.

“నేను అనడంలా లేమ్మా,” అంది నాగూరమ్మ. నా వైపు తిరిగింది. “అవునేమో అక్కా. రెండో తూరి కొనేటప్పుడు నేనే తికమక పడి వేరేది తెచ్చుకోనుంటా. నువ్వు చూసుంటే నాకెందుకు చెప్పవు? ఏమనుకోబాక, పొద్దున్నే నీ మీదకొచ్చినా.”

నన్ను క్షమించమని ఆమె అడిగింది. ఆమె నన్ను. నేను ఫర్వాలేదులే అన్నాను. ఆ మాట కూడా అన్నాను.

క్లోరిన్ ఆవిరికి, మూతి గుడ్డ రాపిడికి ఆమె మొహం తట్టుకోలేకపోయింది. నెల తిరక్కుండా పని మానేసింది. మొహం బాగుపడటానికి రెండేళ్లు పైనే పట్టింది, అదీ పూర్తిగా కాదు. ఒడ్డున చేపలు ఎండబెట్టే పని కూడా చెయ్యలేక ఇంట్లో కూర్చుంది. ఇప్పటికీ కొంగు ముందుకు లాక్కోకుండా ఎండలోకి రాదు.

నేను లేబుళ్లు చదవడం మానేశాను. కళ్లు కనబడటం లేదన్నాను. నాలుగు రోజులు అడిగారు, తర్వాత అడగలేదు. బల్ల మళ్లీ ఖాళీ అయింది. దేనికి భయపడి ఆమెను ముంచానో అదే చివరికి నా చేతులతో నేనే తెచ్చుకున్నాను. తగిన శాస్తి అని మీరు అనుకుంటే నేనేమీ అనను. అయితే అది శిక్ష అని నన్ను నేను నమ్మించుకోవడానికి కూడా చూశాను. ఒంటరిగా తింటున్నాను కదా, ఇక చాలదా అని. చాలదు. నా ఒంటరితనం ఆమె మొహానికి ఏం పనికొచ్చింది?

చర్చిలో స్త్రీల కూడికప్పుడు ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పడం మా అలవాటు. దేవుడు చేసిన మేలూ, మనం చేసిన తప్పూ నలుగురి ముందు చెప్పుకుంటాం. చెప్పేద్దామని లేచాను. లేచి, కోపం ఎక్కువని చెప్పాను, ప్రార్థన మానేస్తున్నానని చెప్పాను. చిన్న చిన్న తప్పులన్నీ ఏరి చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఎంత నిజాయితీగా చెప్పావమ్మా అన్నారు. ఆ తర్వాత నేను మళ్లీ లేవలేదు.

నాగూరమ్మ మాత్రం నన్ను వదల్లేదు. పండక్కి ఫోను చేస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు చేపలు పంపిస్తుంది. బాగున్నావా అక్కా అని అడుగుతుంది. ఒకసారి, నాగూ నీకొకటి చెప్పాలి అని మొదలుపెట్టాను. చెప్పక్కా అంది. మీ ఆయన ఆరోగ్యం ఎలా ఉంది అన్నాను.

మొన్న వాళ్ల పాప, అప్పట్లో నా ఒళ్లో పడుకున్న పిల్ల, నాకు ఫోన్లో ఒక ఫోటో పంపింది. ఎవరో స్నేహితురాలు మొటిమలకు మంచిదని ఇచ్చిన క్రీము. కింద గొంతుతో రికార్డు చేసి పెట్టింది. “పెద్దమ్మా, ఇది పూసుకోవచ్చా చెప్పు. అమ్మ నీకు చూపించకుండా పూసుకుని మొహం పాడు చేసుకునిందంట గదా. నన్ను మాత్రం నిన్ను అడక్కుండా ఏదీ ముట్టుకోబాక అంటా ఉంది.”

నాలుగుసార్లు విన్నాను. నా అబద్ధం ఆ ఇంట్లో పిల్లలకు చెప్పే బుద్ధి మాట అయిపోయింది. తల్లి తన తెలివితక్కువతనం అని చెప్పుకుని కూతుర్ని పెంచుతోంది.

డబ్బా నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపమన్నాను. ప్రతి అక్షరం చదివాను. దాంట్లో చెడ్డదేమీ నాకు కనబడలేదు. అయినా ఇలాంటివి నాకు తెలియవమ్మా, డాక్టరుకు చూపించి పూసుకో అని రాశాను. ఎనిమిదేళ్ల కిందట అనాల్సిన మాట అది. కింద ఇంకొకటి కూడా టైపు చేశాను, పంపలేదు, చెరిపేశాను. ఆ చెరిపేసింది ఇక్కడ రాస్తున్నాను. మీ అమ్మ నాకు చూపించింది. కొనకముందే తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను సగం మాట చూసి, అనుమానం వచ్చి కూడా, రెండూ ఒకటే అన్నాను. తర్వాత చూడలేదని బొంకాను.

ఇది నాగూరమ్మకు చెప్పే రోజు వస్తుందో రాదో తెలియదు. ధైర్యం వచ్చిందని గొప్పలు పోను, రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇచ్చేది కాదు. కానీ రాసేసరికి గుండెల్లో కొంచెం ఖాళీ అయినట్టుంది. ఇన్నాళ్లూ ఆ తప్పు నాగూరమ్మది కాదని ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.