మేనమామ కొరికిన జామకాయ

తొంభైల్లో మా మేనమామ ఉదయగిరి స్టేషన్లో హెడ్ కానిస్టేబులు. ఏ కేసొచ్చినా మీసం దువ్వుకుంటా, "నాకు తెలిసిపోయిందిలే" అనేవాడు.

ఒకసారి దుత్తలూరు పక్కన, రాత్రి చీకట్లో మొహం కనపడని గొర్రెల దొంగ కాపరి చెయ్యి కొరికి పారిపోయినాడు. మామ అనుమానంతో ఒకణ్ణి పట్టుకొచ్చి, జామకాయ కొరికించి, ఆ గాట్లను కాపరి గాయం పక్కన పెట్టి చూసినాడు.

"సరిపోయినాయి! నువ్వేరా దొంగవి. పద జైలుకి."

వాడి పెళ్ళాం ఏడుస్తా, "అయ్యా, మీరూ ఒక కాయ కొరికి చూడండయ్యా" అనింది.

మామ నవ్వుతా కొరికినాడు. ఆ గాట్లూ అచ్చం అట్నే సరిపోయినాయి. మొహం మాడిపోయి, వాణ్ణి ఇంటికి పంపించేసినాడు.

కాపరి మాత్రం కదల్లేదు. మామను ఎగాదిగా చూసి అడిగినాడు:

"సారూ, మొన్న రాత్రి తమరు యాడుండారు?"